మూడో తరగతికి బడి మార్చాలా? చిన్న పిల్లల బడి నాణ్యతను ఏం చూసి తేల్చుకోవాలి?

పానగల్_రోడ్డు
మా అమ్మాయి నల్లగొండ పట్టణంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో రెండో తరగతి పూర్తి చేయబోతున్నది. ప్రగతి పత్రంలో అన్ని సబ్జెక్టులలోనూ తొంభైకి పైగా మార్కులున్నాయి. కానీ దినపత్రికలో వచ్చే పిల్లల కథ చదవమంటే కూడబలుక్కుంటూ రెండో వాక్యానికే ఆగిపోతున్నది. ఇంగ్లీషు పాఠాన్ని మాత్రం పుస్తకం మూసేసి కూడా గడగడా అప్పజెబుతుంది. అందులో ఒక వాక్యాన్ని చూపించి ఇక్కడ ఏం జరిగిందని అడిగితే నా ముఖం చూస్తుంది. జూన్‌లో బడి మార్చాలని నేను, ఇక్కడే ఉంచాలని మా వారు, గడియారం సెంటర్‌లో పెద్ద ఫ్లెక్సీ కట్టిన కొత్త టెక్నో పాఠశాలలో చేర్చాలని మా మరిది వాదించుకుంటున్నాము. ఇంటికి అర కిలోమీటరు లోపే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉన్నది గాని, ఆ మాట ఎత్తితే మా అత్తమ్మ నలుగురిలో తలెత్తుకోవద్దా అంటున్నది. బయటి నుంచి చూసే తల్లిదండ్రులకు ఒక బడి మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది? పాఠశాలల పేర్లు రాయవద్దని మనవి. ఏం చూడాలో, ఏం అడగాలో చెబితే చాలు.

సాగర్_కాలువ
పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ చూసి మూడో తరగతిలో చేర్చకండి. ఆ ఫ్లెక్సీలోని పిల్లల్లో ఒకటో తరగతి నుంచి ఆ బడిలోనే చదివినవారు ఎందరో అడగండి. సమాధానం సూటిగా వస్తుందో, మాట దాటేస్తారో చూడండి.

జడ్చర్ల_జంక్షన్
ఫ్లెక్సీలో మీ మరిది ఫోటో లేదు గదా? లేకపోతే తొందరేమీ లేదు, నిదానంగా ఆలోచించవచ్చు.

విశ్రాంత_హెచ్ఎం
నా ఉద్యోగమంతా దేవరకొండ, నకిరేకల్ ప్రాంతాల ప్రాథమిక పాఠశాలల్లోనే గడిచింది. తనిఖీకి వచ్చే అధికారులు గోడలు, రికార్డులు చూసేవారు. తల్లిదండ్రులు యూనిఫారం, బస్సు చూసేవారు. పిల్లల నోటుపుస్తకాలు తిరగేసిన వారు అరుదు. బడి గురించి నిజం చెప్పేవి అవే.

ముందుగా, మూడో తరగతి నోటుపుస్తకాల దొంతర చూపించమని అడగండి. వారు తీసి ఇచ్చే పుస్తకాన్ని కాకుండా దొంతర మధ్యలో చెయ్యి పెట్టి అందిన పుస్తకం తీసుకోండి, దాని పక్కనే మరొకటి తెరవండి. రెండింటిలోనూ ప్రతి జవాబూ అచ్చంగా ఒకే వాక్యాలతో ఉంటే, పిల్లలు నల్లబల్ల మీదిది ఎక్కించుకున్నారే తప్ప సొంతంగా ఏమీ రాయలేదని అర్థం. తప్పులు ఉన్న పుస్తకం చూసి భయపడకండి. ఆ తప్పు పక్కన ఉపాధ్యాయుడు ఏదైనా రాశాడా, పది పేజీల తర్వాత అలాంటి లెక్కనే పిల్ల సరిగా చేసిందా అన్నది చూడండి. తప్పు దిద్దిన జాడ, ఆ తర్వాత తప్పు తగ్గిన జాడ రెండూ కనిపిస్తే ఆ తరగతిలో చదువు జరుగుతున్నట్టే. ప్రతి పేజీకీ ఎర్ర సిరాతో ఒక టిక్కు, కింద సంతకం మాత్రమే ఉంటే అది తనిఖీ కోసం పెట్టిన సంతకం.

రెండో సంగతి, తరగతి గుమ్మం దగ్గర కాసేపు నిలబడనివ్వమని అడగండి. పిల్లలంతా ఒకే గొంతుతో పాడినట్టు చెబుతుంటే ఎవరికి వచ్చో ఎవరికి రాదో దేవుడికే తెలియాలి. వెనక వరసలోని పిల్లవాడిని పేరు పెట్టి పిలిచి ప్రశ్న వేశారా, వాడు తడబడితే ఏం చేశారు అన్నది గమనించండి. చురుకైన పిల్లలు ఏ బడిలోనైనా చదువుకుంటారు. రాని పిల్లవాడి విషయంలో బడి ఏం చేస్తుందన్నదే నాణ్యత.

ఇక మీ పాప స్థాయి తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ఊరి ఇళ్లకు వెళ్లి పిల్లలతో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ వరుసగా చదివిస్తారు. లెక్కల్లో రెండంకెల తీసివేత, ఆ పైన భాగహారం చేయిస్తారు. ఇదే పద్ధతిలో, పాప ఎన్నడూ చూడని కథతో మీరు ఇంట్లో చేయించవచ్చు. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగానే దొరుకుతాయి. చిన్న తరగతుల చదువు, లెక్కల పునాది కోసం కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి ముగిసే నాటికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 వరకు సంఖ్యలు తెలియాలి.

లెక్కల_మేడమ్
హెచ్ఎం సార్ చెప్పిన నోటుపుస్తకాల పరీక్షతో పూర్తిగా ఏకీభవిస్తాను గాని, నిమిషానికి ఇన్ని పదాలు అన్న కొలతతో మీ పాపను హడలగొట్టకండి. తెలుగులో ఒక్కో పదం ఎంత పొడుగ్గా ఉంటుందో మనకు తెలియనిదా? 2022లో మూడో తరగతి పిల్లలకు జరిపిన జాతీయ పునాది అభ్యసన అధ్యయనంలో ఒక్కో భాషకు విడివిడిగా ప్రమాణాలు పెట్టింది ఇందుకే. గడియారం చేతిలో పట్టుకుని కూర్చోకుండా, చదివించిన తర్వాత కథలో ఏం జరిగిందో మీకు చెప్పమనండి. నెమ్మదిగా చదివినా కథను తన మాటల్లో చెప్పగలిగితే కంగారు పడవలసింది లేదు.

విశ్రాంత_హెచ్ఎం
ఒప్పుకుంటాను. అంకె కన్నా అర్థం ముఖ్యం. అయితే మీ పాప అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నదంటే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నదన్నమాట. అందుకే అర్థం కావడం లేదు. ఈ సమస్య వేసవిలో రోజూ కాసేపు పక్కన కూర్చుని చదివిస్తే చాలావరకు తీరుతుంది.

మిర్యాలగూడ_మిల్లు
అందరూ టెక్నో పాఠశాలల మీద విరుచుకుపడేలా ఉన్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. మా అబ్బాయిని అటువంటి పాఠశాలలోనే చేర్చాము. వారానికి ఒక పరీక్ష పెడతారు, ఆ సాయంత్రమే మార్కులు ఫోనుకు వస్తాయి, ఏ పాఠం వెనకబడిందో మాకు తెలుస్తుంది. మిల్లు పనిలో పడి నోటుపుస్తకాల దొంతరలు తిరగేసే తీరిక నాకు లేదు. పోటీ ప్రపంచంలో పిల్లవాడికి పరీక్ష అంటే భయం పోవడం కూడా చదువులో భాగమే గదా?

జడ్చర్ల_జంక్షన్
మూడో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పెడుతున్నారు. ఈ లెక్కన నర్సరీ ప్రవేశ పత్రంతో పాటే ఉద్యోగ నియామక పత్రం కూడా ఇచ్చేస్తే తల్లిదండ్రులకు ఒక ఖర్చు తగ్గుతుంది.

ప్రైవేటు_టీచరమ్మ
మిర్యాలగూడ అన్నా, ఆ మార్కులు పంపించేది నాలాంటి వాళ్లమే కాబట్టి లోపలి సంగతి చెబుతాను. వారాంతపు పరీక్షకు ఏ పేజీలు వస్తాయో ముందే పిల్లలకు చెబుతాము, ఆ పేజీలనే రెండు రోజులు బట్టీ పట్టిస్తాము. మార్కులు తగ్గితే యాజమాన్యం మమ్మల్ని పిలిచి అడుగుతుంది. అందువల్ల మీ ఫోనుకు వచ్చే మార్కు పిల్లవాడికి ఏం వచ్చో చెప్పదు, మేము ఆ వారం ఎంత బట్టీ పట్టించామో చెబుతుంది.

అట్లాగని టీచర్లను నిందించవద్దని పానగల్ అక్కకు మనవి. నలభై దాటిన తరగతిలో, నెలకు ఇన్ని పాఠాలు పూర్తి కావాలన్న ఒత్తిడిలో, ఒక్కొక్కరిని చదివించడానికి సమయం దొరకదు. మీరు వెళ్లిన చోట రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: ఈ సెక్షన్‌లో పిల్లలు ఎందరు, ఈ తరగతి టీచరు ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది? చాలీచాలని జీతంతో ఏడాది మధ్యలోనే మానేసి పోయే టీచర్లు ఎక్కువగా ఉన్న బడిలో డిజిటల్ బోర్డు ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు. చిన్న పిల్లలకు ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారితే ప్రతిసారీ మొదటికి వస్తారు.

డైస్_కోడ్
ప్రతి పాఠశాలకూ 11 అంకెల యూడైస్ కోడ్ (పాఠశాలల వివరాల జాతీయ జాబితాలోని సంఖ్య) ఉంటుంది. దానితో ఆ పాఠశాలలో పిల్లలెందరు, ఉపాధ్యాయులెందరు, గదులు, మరుగుదొడ్లు ఎన్ని అన్న వివరాలు అంతర్జాలంలో చూసుకోవచ్చు. అయితే ఆ వివరాలు పాఠశాలలు తామే నింపినవి కాబట్టి చేతిలో పట్టుకుని వెళ్లి కళ్లతో సరిచూసుకోండి. ప్రైవేటు పాఠశాలైతే గుర్తింపు పత్రం చూపించమనండి, అది ఏ తరగతి వరకు, ఏ చిరునామాకు, ఏ సంవత్సరం దాకా ఉన్నదో చదవండి. కొత్తగా తెరిచిన శాఖల విషయంలో ఇది మరీ అవసరం. ప్రవేశానికి పిల్లకు పరీక్ష పెట్టడం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడం 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం; మొదటిసారి తప్పుకు 25 వేల రూపాయల వరకు జరిమానా ఉన్నది.

నకిరేకల్_నాన్న
చట్టాలన్నీ ప్రైవేటు వారికేనా? మా వాడిని పట్టుదలతో సర్కారు బడికే పంపాను. సార్లు మంచివారే గాని ఉంటే గదా. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ఎస్జీటీలను (ప్రాథమిక తరగతుల టీచర్లను), ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులను దానికి పెట్టారు, ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిచాయి. హైస్కూలు పిల్లలకు మాత్రం రెండు పూటలా పాఠాలు సాగాయి. చదువుకు పునాది పడే తరగతులకే కోత పెట్టడం ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని అదే విద్యాహక్కు చట్టంలో రాసి ఉన్నది.

విశ్రాంత_హెచ్ఎం
నకిరేకల్ తమ్ముడి ఆవేదనకు నా దగ్గర జవాబు లేదు. దీనికి ఇంకొక మాట కూడా చేర్చుతాను. 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు అని చట్టంలోని పట్టిక చెబుతుంది. నిష్పత్తి చూస్తే ముప్పై మందికి ఒకరన్నమాట, ముచ్చటగా కనిపిస్తుంది. కానీ ప్రాథమిక పాఠశాలలో తరగతులు ఐదు. ఇద్దరు ఉపాధ్యాయులుంటే ఒక్కొక్కరి ముందు రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. కాబట్టి సర్కారు బడికి వెళ్లినప్పుడు ఎందరు పిల్లలకు ఒక సారు అని కాకుండా, ఎన్ని తరగతులకు ఒక సారు అని అడగండి. 2024లో 11,062 టీచరు పోస్టుల భర్తీకి డీఎస్సీ వచ్చిన తర్వాత కొన్ని బడులకు కొత్తవారు వచ్చారు. మీ వీధి బడికి వచ్చారో లేదో అక్కడే తెలుస్తుంది.

మరొకటి, ఒకటి నుంచి ఐదు తరగతులకు 2022 నుంచి చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం నడుస్తున్నది గదా. ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో రాసిన వివరాలు తరగతి ఉపాధ్యాయుల దగ్గర ఉండాలి. వాటిని చూపించమనండి. జూలైలో అక్షరాల దగ్గరున్న పిల్ల ఫిబ్రవరికి ఎక్కడికి చేరిందో చెప్పగలిగిన ఉపాధ్యాయురాలు దొరికితే, మిగతా లోటుపాట్లు కొంత ఓర్చుకోవచ్చు.

దేవరకొండ_తండా
ఇంట్లో గోర్ బోలీ (లంబాడీ భాష) మాట్లాడే పిల్లలకు బడిలో తెలుగే కొత్త, ఇప్పుడు దానిమీద ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. మా తండా బడిలో మేడమ్ ఒకటో తరగతి పిల్లలతో మొదటి నెలలంతా మా భాషలోనే కథలు చెప్పించుకుని, వాటినే తెలుగులో బల్లమీద రాసి చదివించేది. ఆ బ్యాచి పిల్లలు మూడో తరగతికి వచ్చేసరికి కొత్త పుస్తకం ఇచ్చినా వెనకాడలేదు. ఆ తర్వాత ఆమెకు బదిలీ అయింది. అందుకే, బడి మంచిదని చెప్పేవారిని ఏ సంవత్సరం మాట అని కూడా అడగాలంటాను.

మక్తల్_వాసి
తండా తమ్ముడి మాట మా వైపూ అంతే. ఇక్కడ కన్నడం మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. పైగా పాలమూరు వలస అందరికీ తెలిసిందే. పంట పని కాగానే తల్లిదండ్రులు ముంబై, పుణె బయలుదేరితే పిల్లలూ వెంటపోతారు. తిరిగి వచ్చిన పిల్లవాడిని ఆ వారంలోనే విడిగా కూర్చోబెట్టి, పోయిన పాఠాలు పట్టించే బడి ఒకటి, వాడి పేరు హాజరు పట్టీలో అట్లాగే ఉంచి వెనక బెంచీలో కూర్చోబెట్టే బడి మరొకటి. రెండింటి సగటు హాజరు కాగితం మీద ఒక్కలాగే ఉండవచ్చు. మీ పాపకు ఈ ఇబ్బంది లేకపోయినా, జ్వరం వచ్చి పదిరోజులు రాని పిల్లకు పాఠాలు ఎవరు చెబుతారని మూడు చోట్లా అడగండి. ఆ జవాబుతో చాలా సంగతులు బయటపడతాయి.

మర్రిగూడ_మనిషి
అందరూ చదువు గురించే రాస్తున్నారు, ఎవరూ నీళ్ల ఊసెత్తలేదు. మన జిల్లాలో పుట్టినవారికి ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పాలా? తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. మిషన్ భగీరథ పథకం కుళాయి నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది గాని, కొన్ని ప్రైవేటు పాఠశాలలు సొంత బోరు నీళ్లనే తొట్టెలో నింపి కుళాయి తిప్పుతాయి. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. పళ్లు, ఎముకలు గట్టిపడే వయసు పిల్లలు రోజంతా తాగే నీళ్లు కాబట్టి అవి ఎక్కడివో అడగండి.

లెక్కల_మేడమ్
మర్రిగూడ అన్న మాటకు కొనసాగింపుగా, మీ పాపను ఒకటి అడిగి చూడండి: బడిలో మరుగుదొడ్డికి వెళుతున్నదా లేదా? తీసుకుపోయిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వస్తున్నదంటే, వెళ్లవలసి వస్తుందేమోనన్న భయంతో పిల్ల నీళ్లు తాగడం మానేసిందని అనుమానించాలి. ఆడపిల్లల విషయంలో ఇది చాలా బడుల్లో ఉన్న సమస్య, రంగులు వేసిన గోడల బడుల్లోనూ ఉన్నది.

సాగర్_కాలువ
జవాబు తప్పు చెబితే ఏం చేస్తారని కూడా పాపనే అడగండి. కొట్టడం, పదిమందిలో అవమానించడం రెండూ చట్టం నిషేధించినవే గాని, పిల్లలు చెప్పేదాకా మనకు తెలియవు.

పానగల్_రోడ్డు
ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. ఒంటిపూట బడులు మొదలైనందున మధ్యాహ్నం లోపే రెండు చోట్లకూ వెళ్లి వచ్చాను, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

టెక్నో పాఠశాలలో చల్లటి గదిలో కూర్చోబెట్టి రంగుల పుస్తకం చేతికిచ్చారు. నోటుపుస్తకాలు చూస్తానంటే అడ్మిషన్ అయిన తర్వాత చూడవచ్చన్నారు. మూడో తరగతి టీచరు ఎవరంటే జూన్‌లో నియమిస్తామన్నారు. పాపకు ప్రవేశ పరీక్ష తేదీ ఇచ్చి, మా ఇద్దరి డిగ్రీలు దరఖాస్తులో రాయమన్నారు. డైస్ కోడ్ గారు చెప్పిన 13వ సెక్షన్ గురించి మెల్లగా ప్రస్తావిస్తే, అది పరీక్ష కాదు, ముఖాముఖి పరిచయం మాత్రమేనని నవ్వారు.

సర్కారు బడిలో 71 మంది పిల్లలు, ముగ్గురు ఉపాధ్యాయులు. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటున్నాయి. నోటుపుస్తకాలు అడిగితే మేడమ్ అలమర తాళం తీసి నన్నే చూసుకోమన్నది. జవాబులు ఒక్కో పిల్లవి ఒక్కో రకంగా ఉన్నాయి, తప్పులూ ఉన్నాయి, పక్కన దిద్దిన జాడలూ ఉన్నాయి. మూడో తరగతి పిల్లను నేను తీసుకుపోయిన పిల్లల కథ చదవమంటే చదివి, ఆ నక్క అట్లా చేయకుండా ఉండవలసిందని సలహా కూడా ఇచ్చింది. ఇంగ్లీషు మాత్రం అంతంత మాత్రమే. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటే పిల్లలు తెలుగు పేజీ దగ్గరే ఆగిపోతున్నారని మేడమ్ తానే చెప్పింది. భోజనం చూశాను, బాగానే ఉన్నది. ఆడపిల్లల మరుగుదొడ్లు రెండింటిలో ఒకదానికి తాళం వేసి ఉన్నది. ఒకే గదిలో రెండు తరగతులన్నదే నాకు మింగుడుపడటం లేదు.

మిర్యాలగూడ_మిల్లు
టీచరు పేరు జూన్‌లో చెబుతామనడం నాకు కూడా నచ్చలేదు, మా వాడి పాఠశాలలో అట్లా అనలేదు. కానీ ఇంగ్లీషు రాకపోతే ఆరో తరగతిలో ఆ పాప ఏం చేస్తుంది? మన ఆడపిల్ల రేపు హైదరాబాదులో నలుగురితో కూర్చోవాలి గదా, ఆ కోణం కూడా చూడండి అక్కా.

ప్రైవేటు_టీచరమ్మ
ఆ పాప ఇప్పుడు అప్పజెబుతున్నది ఇంగ్లీషు కాదు గదా అన్నా. ఒక భాషలో చదివి అర్థం చేసుకునే అలవాటు పడితే రెండో భాష చదవడం తేలికవుతుంది. ఏ భాషలోనూ ఆ అలవాటు పడకపోతే ఆరో తరగతిలో రెండూ బరువే.

విశ్రాంత_హెచ్ఎం
రెండు తరగతులు ఒక గదిలో ఉండటం దానికదే దోషం కాదు. ఇంకొకసారి వెళ్లినప్పుడు ఒక్కటి గమనించండి: మేడమ్ నాలుగో తరగతికి చెబుతున్నప్పుడు మూడో తరగతి పిల్లల చేతిలో ఏముంది? పని కల్పించి, మధ్యలో వచ్చి చూస్తుంటే ఫరవాలేదు. చేతులు కట్టుకుని నోటిమీద వేలు పెట్టుకుని కూర్చుంటే మాత్రం సగం రోజు వృథా అన్నట్టే. ఇంగ్లీషు లోటు నిజమైనదే, దాన్ని ఇంట్లో మీరు కొంత పూడ్చవలసి ఉంటుంది. మరుగుదొడ్డి సంగతి 2024లో వేసిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ దృష్టికి తీసుకుపోండి. దానికి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే అధ్యక్షత వహిస్తుంది, మీ వాడలోనే ఉంటుంది.

పానగల్_రోడ్డు
మళ్లీ వెళ్లి చూశాను సార్. మూడో తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చదువుతుంటే మరొకరు వేలితో వరుస చూపిస్తున్నారు, మేడమ్ మధ్యలో వచ్చి వింటున్నది. మా వారు కూడా వచ్చి చూసి, ఒక ఏడాది చూద్దామన్నారు. అత్తమ్మ ఇంకా మాట్లాడటం లేదు. ఇప్పుడు చదువుతున్న పాఠశాలలో టీసీ అడిగితే, వచ్చే ఏడాది మొదటి టర్ము ఫీజు కడితే ఇస్తామంటున్నారు. ఇదేం లెక్క?

డైస్_కోడ్
చదవని ఏడాదికి ఫీజు కట్టనక్కరలేదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. కాబట్టి సర్కారు బడుల్లో పిల్లలను చేర్చుకునే బడిబాట నాటికి టీసీ చేతికి రాకున్నా పాపను చేర్చండి. టీసీ కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి, ఇవ్వకపోతే అదే కాగితంతో మండల విద్యాధికారి దగ్గరకు వెళ్లవచ్చు. పాత పాఠశాల యూడైస్‌లో పాప వివరాలను విడుదల చేస్తేనే కొత్త బడి తన జాబితాలోకి తీసుకోగలుగుతుంది, దరఖాస్తులో ఆ మాట కూడా రాయండి.

జడ్చర్ల_జంక్షన్
అత్తమ్మ గారిని జూన్‌లో ఒకసారి మధ్యాహ్న భోజనం వేళకు బడికి తీసుకుపోండి. కోడిగుడ్డు పెట్టే రోజు చూసుకుని మరీ తీసుకుపోండి.

పానగల్_రోడ్డు
దరఖాస్తు రాసి పెట్టుకున్నాను, రేపు ఇస్తాను. సమాఖ్య అధ్యక్షురాలు మా వెనక వీధిలోనే ఉంటుందట. ఆ మరుగుదొడ్డి తాళం చెవి ఎవరి దగ్గరున్నదో సోమవారం ఆమెతో కలిసి వెళ్లి అడుగుతాను.